అక్షరాల నీడ సహజంగా కనిపించాలంటే: స్లైడర్లు జరపడానికి ముందు ఫొటోను కొలవండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు మొదట చెబుతాను. సాయంకాలపు ఎండ ఏటవాలుగా పడుతున్న లేత పసుపు గోడ ఫొటో ఒకటి మీ దగ్గర ఉంది. గోడ మీద ఒక పక్కన చెట్టు నీడ పడుతోంది, కింద నేల కూడా కనిపిస్తోంది. దాని మీద అక్షరాలు పెట్టి ఫొటోషాప్‌లో డ్రాప్ షాడో ఇచ్చారు. దూరం, సైజు, ఒపాసిటీ (నీడ ఎంత దట్టంగా ఉండాలన్నది) ఎంత మార్చినా అక్షరాలు గోడకు చెందినట్టు కాక, ఫొటో పైన తేలుతున్న స్టిక్కరులా కనిపిస్తున్నాయి. అవే అక్షరాలను నేల మీద నిలబెట్టినట్టు చూపించడం ఎలా, ఇదంతా గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సాధ్యమేనా అని కూడా అడిగారు. రెండింటికీ సాధ్యమేనన్నది నా సమాధానం. అయితే అది డ్రాప్ షాడో విండోలోని అంకెలను సవరించడంతో మొదలయ్యే పని కాదు.

డ్రాప్ షాడో నిజానికి చేసేదేమిటో ఒకసారి చూద్దాం. అక్షరాల ఆకారానికి నకలు తీసి, దాన్ని ఒక దిక్కుకు జరిపి, అన్ని చోట్లా ఒకే మోతాదులో మసకబరిచి, ఒకే రంగుతో కింద పరుస్తుంది. 1998లో వచ్చిన ఫొటోషాప్ 5.0 లేయర్ ఎఫెక్ట్స్‌ను (తర్వాత వీటినే లేయర్ స్టైల్స్ అన్నారు) ప్రవేశపెట్టక ముందు ఈ పనినంతా ఛానెళ్లతోనూ బ్లర్‌తోనూ చేత్తో చేసుకునేవారు. ఆ శ్రమను ఒక్క క్లిక్కుకు తగ్గించడం వరకు అది గొప్ప సౌకర్యమే. కానీ అది చూపించే నీడ ఒకే ఒక్క సందర్భానికి సరిపోతుంది: పలుచని రేకు అక్షరాలు చదునైన గోడకు సమాంతరంగా, అంతటా సమానమైన ఎడంతో నిలిచి, వాటిపై ఒకే దీపం వెలుగు పడుతున్నప్పుడు. మీ ఫొటో ఆ సందర్భానికి దగ్గరగా ఉన్నా, స్టైల్‌లో ఉన్న అంకెలు మీ గోడవి కావు, ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారు ఎంచుకున్నవి. నీడ అంటే అక్షరానికి నల్లటి నకలు కాదు. ఒక వెలుగు అడ్డుపడి, మిగిలిన వెలుగులు అలాగే ఉన్న చోటు. ఆ అడ్డుపడిన వెలుగు ఎటు నుంచి వస్తోంది, ఎంత పెద్దది, అది పోతే మిగిలేది ఎంత, ఏ రంగులో అన్న వాటికి సమాధానాలు మీ ఫొటోలోనే ఉన్నాయి.

కొలతలకు ముందు తేల్చుకోవలసినది ఒకటుంది. మీ అక్షరాలు గోడకు ఏమవుతాయి? గోడ మీద రంగుతో రాసినవైతే వాటికి నీడే ఉండదు. వాటికి నీడ పెట్టినంత మాత్రాన అబద్ధం బయటపడుతుంది. అలాంటప్పుడు అక్షరాల లేయర్‌ను (ఫొటో మీద పరిచిన పొరను) కింది రంగుతో హెచ్చించి ముదురు చేసే మల్టిప్లై మోడ్‌లో పెట్టి, గోడ గరుకుదనం లోంచి కనిపించేటట్టు చేస్తే చాలు. గోడకు అంటించిన మందపాటి అక్షరాలైతే నీడ అక్షరం అంచునే మొదలవుతుంది. మేకుల మీద ఎడంగా నిలిపినవైతే అక్షరానికీ నీడకూ మధ్య వెలుగు పడే సందు ఉంటుంది. నేల మీద నిలబడినవైతే నీడ అడుగున మొదలై దూరం పోతుంది. ఈ నాలుగింటిలో ఏదో నిర్ణయించుకోకుండా మొదలుపెట్టిన పనిలో నీడ ఒక కథ, అక్షరం మరో కథ చెబుతాయి. మీరు పంపిన నమూనాలో నాకు కనిపించిన మొదటి ఇబ్బంది ఇదే: నీడ చూస్తే అక్షరం గోడకు బాగా ఎడంగా ఉన్నట్టుంది, అక్షరం అంచులకు ఇచ్చిన బెవెల్ (ఉబ్బెత్తు వాలు) చూస్తే గోడకు అతికించినట్టుంది.

దిక్కు కనుక్కోవడం సులభం. ఫొటోలో గోడ నుంచి బయటికి పొడుచుకు వచ్చిన వస్తువు ఏదైనా, ఒక మేకో, కిటికీ సజ్జా మూలో, గొట్టమో వెతకండి. ఫొటోషాప్‌లోని రూలర్ టూల్‌తో ఆ వస్తువు నీడ కొస నుంచి వస్తువు కొస వరకు గీత గీస్తే, పైన ఆప్షన్స్ బార్‌లో కోణం కనిపిస్తుంది. డ్రాప్ షాడోలోని యాంగిల్ వెలుగు వచ్చే దిక్కును చెబుతుంది, నీడ పడే దిక్కును కాదు. అందుకే గీతను నీడ నుంచి వస్తువు వైపుకు గీయమన్నాను. ఆ అంకెను అలాగే ఎక్కించవచ్చు. గోడను ఎదురుగా కాక ఏటవాలుగా తీసిన ఫొటోలో మాత్రం ఈ కోణం గోడ పొడవునా మారుతూ పోతుంది. అప్పుడు అక్షరాలనూ నీడనూ ముందు చదునుగా తయారుచేసుకుని, విడివిడి స్మార్ట్ ఆబ్జెక్టులుగా (అసలు చెడకుండా తర్వాత మార్చుకోగల పెట్టెలుగా) మార్చి, రెంటినీ కలిపి ఎంచుకుని, గోడ ఏటవాలుకు సరిపడేలా ఒకేసారి డిస్టార్ట్‌తో సాగదీయడం మేలు. రెండింటినీ ఒకే స్మార్ట్ ఆబ్జెక్టులో ఇరికిస్తే నీడకు పెట్టిన మల్టిప్లై మోడ్ ఆ పెట్టె లోపలే ఆగిపోతుంది, గోడ వరకు రాదు.

అందరూ తప్పే చోటు నీడ అంచు మెత్తదనం. కొత్తగా నేర్చుకునేవారికి మెత్తని నీడ అంటే సహజమైన నీడ అన్న అభిప్రాయం ఎక్కడి నుంచో అబ్బుతుంది. అంచు ఎంత మెత్తగా ఉండాలో తేల్చేది రుచి కాదు, జ్యామితి. పూర్తి నీడకూ పూర్తి వెలుగుకూ మధ్య ఉండే ఉపచ్ఛాయ వెడల్పును ఇలా లెక్కకట్టవచ్చు: అక్షరానికీ గోడకూ మధ్య వెలుగు ప్రయాణించే దూరాన్ని దీపం వెడల్పుతో హెచ్చించి, దీపానికీ అక్షరానికీ మధ్య ఉన్న దూరంతో భాగించాలి. సూర్యుడి విషయంలో వెడల్పును దూరంతో భాగించిన విలువ స్థిరంగా ఉంటుంది. ఆకాశంలో సూర్యబింబం సుమారు అర డిగ్రీ వెడల్పు ఉంటుంది కాబట్టి, వెలుగు ప్రయాణించిన దూరంలో దాదాపు 108వ వంతు మాత్రమే మసక ఏర్పడుతుంది.

దీన్ని మీ ఫొటోకు అన్వయిద్దాం. గోడ మీద ఒక మీటరు 2000 పిక్సెళ్లు వచ్చిందనుకోండి. అక్షరాలు గోడకు 5 సెంటీమీటర్ల ఎడంలో ఉన్నాయి, ఎండ 45 డిగ్రీల ఏటవాలుతో పడుతోంది. నీడ 5 సెంటీమీటర్లు, అంటే 100 పిక్సెళ్లు జరుగుతుంది. వెలుగు అక్షరం దాటి గోడను చేరడానికి 7 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. అందులో 108వ వంతు 0.65 మిల్లీమీటర్లు, ఏటవాలు వల్ల కొంత సాగినా గోడ మీద మసక సుమారు 2 పిక్సెళ్లకు మించదు. నీడ 100 పిక్సెళ్లు జరగాలి, అంచు మాత్రం 2 పిక్సెళ్లే మెత్తబడాలి! మీరు 40 పిక్సెళ్ల దూరానికి 30 పిక్సెళ్ల సైజు ఇచ్చారు. అది ఎండలో పడే నీడ కాదు, గదిలో పెద్ద కిటికీ ముందు పడే నీడ. అదే అక్షరాలకు ఎదురుగా 2 మీటర్ల దూరంలో ఒక మీటరు వెడల్పు కిటికీ ఉండి ఉంటే, 5 సెంటీమీటర్ల ఎడానికి ఉపచ్ఛాయ రెండున్నర సెంటీమీటర్లు, అంటే 50 పిక్సెళ్లు వచ్చేది. మీ ఫొటోలో చెట్టు నీడ, సజ్జా నీడ పదునుగా ఉండగా అక్షరాల నీడ ఒక్కటే దూదిలా ఉంటే చూసేవారికి కారణం చెప్పడం రాకపోవచ్చు గానీ, ఏదో పొసగలేదని మాత్రం తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక సాంకేతిక వివరం అవసరం. అంచును మసకబరిచే గాసియన్ బ్లర్ ఫిల్టర్‌లో ఇచ్చే రేడియస్, మసక మొత్తం వెడల్పు కాదు. అంచు ఆ రేడియస్‌కు సుమారు నాలుగు రెట్ల మేర పరుచుకుంటుంది. కాబట్టి 50 పిక్సెళ్ల ఉపచ్ఛాయ కావాలంటే రేడియస్ 12 లేదా 13 సరిపోతుంది, 2 పిక్సెళ్లకైతే అర పిక్సెల్. అయితే ఫొటోలోని లెన్సు సైతం ఎంతో కొంత మసక కలుపుతుంది. నీడ అంచు ఫొటోలోని అత్యంత పదునైన అంచు కంటే పదునుగా ఉండకూడదు. 100 శాతం జూమ్‌లో సజ్జా నీడ అంచును చూసి, మీ నీడ అంచును దానితో పోల్చుకుని, అవసరమైతే రేడియస్‌ను కొద్దిగా పెంచండి.

ఇక నీడ ఎంత ముదురుగా ఉండాలి, ఏ రంగులో ఉండాలి అన్నది. చాలామంది నలుపు ఎంచుకుని ఒపాసిటీని కంటితో సవరిస్తారు. ఎండ నీడలో నలుపు ఉండదు. సూర్యుడు మరుగైన చోట ఆకాశం నుంచి వచ్చే నీలి వెలుగూ, నేల నుంచి తిరిగి వచ్చే వెలుగూ ఇంకా పడుతూనే ఉంటాయి. ఆ మిగులు ఎంతో ఫొటోలో ఉన్న నీడే చెబుతుంది. రంగును కొలిచే ఐడ్రాపర్ నమూనా పరిమాణాన్ని 11 బై 11 సగటుకు మార్చుకుని, గోడ మీద ఎండ పడిన చోట ఒకసారి, అదే గోడ మీద అదే రంగు పూత ఉన్న నీడలో ఒకసారి కొలవండి. ఉదాహరణకు ఎండలో ఎరుపు 200, ఆకుపచ్చ 180, నీలం 150 వచ్చి, నీడలో వరుసగా 90, 88, 84 వచ్చాయనుకుందాం. ప్రతి రంగులోనూ నీడ అంకెను ఎండ అంకెతో భాగించి 255తో హెచ్చిస్తే 115, 125, 143 వస్తాయి. నీలి ఛాయ ఉన్న బూడిద రంగు అది. నీడ కోసం విడిగా పెట్టిన లేయర్‌లో అక్షరాల ఆకారాన్ని ఈ రంగుతో నింపి, మల్టిప్లై మోడ్‌లో, ఒపాసిటీ 100 శాతం ఉంచండి. ఎండ పడిన గోడ మీద ఆ లేయర్ పరిచిన చోట సరిగ్గా 90, 88, 84 వస్తాయి, అంటే ఫొటోలో ఇదివరకే ఉన్న నీడ రంగే. గోడ పసుపు, తలుపు ఆకుపచ్చ అయినా ఈ ఒక్క రంగే రెంటి మీదా చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే అది గోడ రంగు కాదు, ఎండలో పడే మొత్తం వెలుగుకూ నీడలో మిగిలిన వెలుగుకూ ఉన్న నిష్పత్తి.

నలుపుకు ఒపాసిటీ తగ్గించే పద్ధతి కంటే ఇది మేలనడానికి ఇంకొక కారణం కూడా ఉంది. ఫొటోషాప్ మామూలుగా గామా ఎక్కించిన, అంటే కంటికి తగ్గట్టు సవరించిన విలువల మీదే లెక్క చేస్తుంది. గింప్ 2018లో వచ్చిన 2.10 నుంచి మల్టిప్లై మోడ్‌ను లీనియర్ వెలుగులో, అంటే అసలు వెలుగు పరిమాణంతోనే లెక్కిస్తుంది. పూర్తి ఒపాసిటీతో, కొలిచిన రంగుతో పనిచేస్తే రెండింటిలోనూ ఫలితం దాదాపు ఒకటే. 50 శాతం నలుపు పెడితే మాత్రం ఒకదానిలో కనిపించే నీడ ఇంకొకదానిలో కనిపించదు. ఫొటోషాప్ పాఠంలోని ఒపాసిటీ అంకెలను గింప్‌లో అలాగే వాడినవారికి నీడ మరీ పలచగా రావడం వెనుక ఉన్న కారణం ఇదే.

ఇంత చేశాక కూడా మీ ఫొటోలో ఒక చిక్కు మిగిలి ఉంటుంది. అక్షరాల నీడ కొంత భాగం చెట్టు నీడ మీద పడుతోంది. మల్టిప్లై దానికి తెలిసిన పని అది చేస్తుంది, నీడ మీద నీడను మరింత ముదురు చేస్తుంది. వాస్తవంలో అలా జరగదు. చెట్టు సూర్యుడిని ఇదివరకే అడ్డుకుంది. అక్కడ అక్షరం అడ్డుకోవడానికి సూర్యకాంతి మిగలలేదు. కాబట్టి చెట్టు నీడలోకి వెళ్లిన చోట అక్షరాల నీడ మాయమైపోవాలి. నా అభిప్రాయంలో నకిలీ నీడను పట్టించే గుర్తుల్లో ఇంతకంటే పెద్దది లేదు, సరిదిద్దడానికి ఇంతకంటే తేలికైనదీ లేదు. నీడ లేయర్‌కు మాస్క్ (ఏ భాగం కనిపించాలో నిర్ణయించే ముసుగు) ఇచ్చి, చెట్టు నీడ ఉన్న చోట నలుపుతో తుడిచేయండి. మాస్క్ అంచు మెత్తదనం చెట్టు నీడ అంచుకు సరిపోవాలి. ఆకుల సందుల నీడ చిత్రవిచిత్రంగా ఉండి చేత్తో తుడవడం కష్టమైతే, లేయర్ బ్లెండింగ్ ఆప్షన్లలో ఉన్న బ్లెండ్ ఇఫ్ వాడవచ్చు. అండర్‌లైయింగ్ లేయర్ పట్టీలోని నల్ల గుర్తును కుడి వైపుకు జరిపితే కింద ముదురుగా ఉన్న చోట్ల నీడ తప్పుకుంటుంది; ఆల్ట్ నొక్కి ఆ గుర్తును రెండుగా చీల్చి లాగితే మార్పు మెత్తగా వస్తుంది. అయితే బ్లెండ్ ఇఫ్‌కు చెట్టు నీడకూ ముదురు రంగు పూతకూ తేడా తెలియదు. గోడ మీద ముదురు పట్టీ ఏదైనా ఉంటే దాని మీద కూడా నీడ ఎగిరిపోతుంది; అక్కడ మాస్కే దిక్కు.

చెట్టు నీడలోనే ఉన్న అక్షరాల సంగతి కూడా ఆలోచించాలి. వాటికి పడే నీడ ఉండదు గానీ, గోడకు అతి దగ్గరగా ఉన్న మూలల్లో ఆకాశపు వెలుగు కూడా సరిగా చొరదు కాబట్టి, అక్షరం గోడను తాకే చోట సన్నని ముదురు గీత ఉంటుంది. మబ్బు పట్టిన రోజున తీసిన ఫొటోల్లో కనిపించే నీడ ఇదొక్కటే. దీనికి దిక్కు ఉండదు, అన్ని వైపులా ఉంటుంది, అంచు నుంచి దూరం పోయేకొద్దీ వేగంగా కరిగిపోతుంది. ఈ తాకిడి నీడను ప్రత్యేకమైన లేయర్‌లో వేయండి: దూరం సున్నా, సైజు అక్షరం మందంలో సగానికి మించకుండా, ఒపాసిటీ 30 శాతం లోపు. డ్రాప్ షాడో స్టైల్ పనికొచ్చేది ఈ పనికే. ఎండ పడిన అక్షరాలకూ ఇది ఉండాలి. పడే నీడ, తాకిడి నీడ రెండూ కలిస్తేనే అక్షరం గోడకు ఆనుకుంటుంది. మీరు మేకుల మీద నిలిపినట్టు చూపాలనుకుంటే మాత్రం తాకిడి నీడను పూర్తిగా మానేయండి.

మందపాటి అక్షరాలను గోడకు అతికించినట్టు చూపించాలంటే జరిపిన నకలు ఒక్కటి పనికిరాదు. మందం ఉన్న అక్షరం ముందు ముఖం ఒక చోట నీడ వేస్తే, గోడను తాకే వెనుక ముఖం నుంచి అక్కడి దాకా ఉన్న పక్కలన్నీ మధ్యలో నీడ వేస్తాయి. నీడ అక్షరం మూల నుంచి తెగకుండా సాగుతుంది. గింప్‌లో లైట్ అండ్ షాడో ఫిల్టర్లలో ఉన్న లాంగ్ షాడో ఈ పనిని నేరుగా చేస్తుంది. ఫొటోషాప్‌లో అక్షరాల ఆకారాన్ని నింపిన లేయర్‌ను ఫ్రీ ట్రాన్స్‌ఫామ్‌తో నీడ దిక్కుకు ఒక పిక్సెల్ జరిపి, కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్‌లతో టీ నొక్కుతూ పోతే అదే జరుపుడు నకళ్లుగా పునరావృతమవుతుంది. మందానికి సరిపడా నకళ్లు వచ్చాక వాటన్నిటినీ ఒకే లేయర్‌గా కలిపి, ఆ తర్వాతే రంగు, బ్లర్, మల్టిప్లై ఇవ్వండి. కలపకుండా ఒక్కొక్క నకలుకూ మల్టిప్లై పెడితే మెట్లుమెట్లుగా నల్లబడుతుంది.

ఇప్పుడు నేల మీద నిలబెట్టే విషయం. అక్షరాల లేయర్ సూక్ష్మచిత్రం మీద కంట్రోల్ నొక్కి క్లిక్ చేసి ఎంపిక తీసుకోండి, కింద కొత్త లేయర్‌లో మనం లెక్కకట్టిన రంగుతో నింపండి, స్మార్ట్ ఆబ్జెక్టుగా మార్చండి. ఫ్రీ ట్రాన్స్‌ఫామ్‌లో కంట్రోల్ నొక్కి పై అంచు మధ్యలోని పిడిని లాగితే నీడ నేల మీదికి ఒరుగుతుంది. అడుగు గీత మాత్రం కదలకూడదు. వెలుగు అక్షరాల వెనుక నుంచి వస్తుంటే పై అంచును అడుగు గీత కంటే కిందికి, చూసేవారి వైపుకు లాగాలి. అప్పుడు మనవైపు ఉన్న అక్షర ముఖం మీద ఎండ పడదని మరిచిపోవద్దు. మెరిసే తెల్లటి ముఖం, ముందుకు పడిన నీడ ఒకే చోట ఉండవు. ఎంత పొడవు లాగాలన్నది సూర్యుడి ఎత్తును బట్టి ఉంటుంది: 45 డిగ్రీల ఎత్తులో నీడ అక్షరం ఎత్తుతో సమానం, 30 డిగ్రీలకు 1.7 రెట్లు, 20 డిగ్రీలకు 2.7 రెట్లు. ఫొటోలో నిలువుగా ఉన్న స్తంభమో కుండీయో ఉంటే దాని నీడతో నిష్పత్తి చూసుకోవడం మేలు, ఎందుకంటే నేల ఫొటోలో కుదించుకుపోయి కనిపిస్తుంది, లెక్కలో వచ్చిన పొడవు నేరుగా పిక్సెళ్లలోకి రాదు.

నిలబడిన అక్షరం నీడ అడుగున పదునుగా, కొసకు పోయేకొద్దీ మెత్తగా ఉండాలి. 30 సెంటీమీటర్ల అక్షరం కొస నుంచి, 30 డిగ్రీల ఎత్తున ఉన్న ఎండ నేలను చేరడానికి 60 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. అక్కడ మసక అర సెంటీమీటరుకు పైమాటే, అడుగున సున్నా. ఫొటోషాప్‌లో బ్లర్ గ్యాలరీలోని ఫీల్డ్ బ్లర్‌తో అడుగున సున్నా ఇచ్చిన ఒక పిన్ను, కొసన కావలసినంత ఇచ్చిన మరో పిన్ను పెడితే మధ్యలో క్రమంగా మారుతుంది. గింప్‌లో గానీ, మరే ఇతర సాఫ్ట్‌వేర్‌లో గానీ నీడకు మూడు నకళ్లు చేసి, వాటికి క్రమంగా పెరిగే బ్లర్ ఇచ్చి, గ్రేడియంట్ మాస్కులతో ఒకదానిలోకి ఒకటి కలిసేటట్టు చేయవచ్చు. కలిసే చోట ఒకటి తగ్గేంతే మరొకటి పెరగాలి, లేకుంటే అక్కడ అడ్డపట్టీ కనిపిస్తుంది.

తెలుగు అక్షరాలను నిలబెట్టేటప్పుడు ఇంగ్లిషు పాఠాలు చెప్పని ఇబ్బందులు కొన్ని ఎదురవుతాయి. రోమన్ అక్షరాల్లో చాలావాటికి చదునైన పాదం ఉంటుంది, నేలను గీతలా తాకుతాయి. మన అక్షరాల అడుగు ఎక్కువగా గుండ్రన. వ గానీ ల గానీ నేలను ఒక చిన్న వంపు దగ్గరే తాకుతుంది. దాని రెండు పక్కలా వంపు పైకి లేస్తున్నకొద్దీ తాకిడి నీడ పలచబడుతూ వెడల్పవుతూ పోవాలి. అడుగు పొడవునా ఒకే మందంతో గీసిన నల్ల గీత ఇక్కడ వెంటనే దొరికిపోతుంది. ఒత్తులు ఇంకా పెద్ద సమస్య. 'వెలుగు' అన్న మాటను నిలబెట్టవచ్చు. 'రాత్రి' అన్న మాటలో ర ఒత్తు గీత కిందికి దిగుతుంది కాబట్టి, రా నేల మీద ఉంటే త్రి కొంత భూమిలోకి దిగాలి, త్రిని నేల మీద ఆనిస్తే రా గాలిలో తేలాలి. తేలేటట్టు చూపితే దాని నీడ అడుగు నుంచి విడిపోవాలి, ఆ సంగతి చాలామంది పట్టించుకోరు. ఒత్తులున్న మాట తప్పదనుకుంటే అక్షరాల కింద ఒక దిమ్మెను గీసి అన్నింటినీ దానికి అతికించడం, లేదా ఆ మాటను గోడకే పరిమితం చేయడం నా సలహా.

ప, స, హ వంటి అక్షరాల్లో తలకట్టు చాలా ఫాంట్లలో ఒంటికి తగలకుండా ఉంటుంది. బ్లర్ ఆ సందు కంటే వెడల్పైతే నీడలో సందు మూసుకుపోయి, అక్షరం మీద మరక పడ్డట్టు కనిపిస్తుంది. సున్నా లోపలి ఖాళీకి, గుడి మెలిక లోపలి ఖాళీకి కూడా ఇదే ప్రమాదం ఉంది. ఎండ నీడలో ఆ ఖాళీల్లోంచి వెలుగు పడాలి. అది కనిపించడం లేదంటే బ్లర్ ఎక్కువైందని అర్థం. బరువైన శీర్షిక ఫాంట్ల కంటే ఒకే మందపు గీతలున్న ఫాంట్లు నీడకు బాగా లొంగుతాయి.

నేల మీద పడిన నీడ గోడను చేరితే అక్కడ విరిగి పైకి ఎక్కాలి. నీడను గోడా నేలా కలిసే గీత దగ్గర రెండు ముక్కలు చేసి, గోడ మీది ముక్కను విడిగా నిలువుగా సవరించండి. రెండు ముక్కలూ ఆ గీత మీద ఒకే బిందువుల దగ్గర కలవాలి. ఇటుక గోడ, ముడతల గుడ్డ వంటి ఎగుడుదిగుడు ఉపరితలాలకు డిస్‌ప్లేస్ ఫిల్టర్ ఉంది. ఉపరితలం నలుపు తెలుపు నకలును కొద్దిగా బ్లర్ చేసి పీఎస్‌డీగా (ఫొటోషాప్ సొంత ఫైలుగా) దాచి, దాన్ని మ్యాపుగా ఇవ్వాలి. మ్యాపులో 128 విలువ ఉన్న మధ్య బూడిద రంగు దగ్గర ఏదీ కదలదు. స్కేల్ 100 ఇస్తే కొసల్లో 128 పిక్సెళ్ల వరకు కదులుతుంది, కాబట్టి 3 నుంచి 8 మధ్య మొదలుపెట్టండి. మీ గోడ నున్నగా ఉంది, మీకు ఇది అక్కరలేదు.

నీడ అంతా సరిగ్గా కుదిరినా అక్షరం ముఖం దానికి అడ్డు చెప్పవచ్చు. మీరు అక్షరాలకు 255 తెలుపు ఇచ్చారు. ఆ ఫొటోలో ఎండ పడిన అత్యంత తెల్లటి వస్తువు 235 దాటదు, అది కూడా కాస్త పసుపు వైపు మొగ్గుతుంది. అక్షరాల తెలుపును అక్కడికి దించండి. చెట్టు నీడలో ఉన్న అక్షరాలను మనం కొలిచిన అదే 115, 125, 143 రంగుతో మల్టిప్లై చేయండి. గోడను నీడ ఎంత మార్చిందో అక్షరాన్నీ అంతే మార్చాలి. గ్లోబల్ లైట్ ఆన్‌లో ఉంచితే బెవెల్ కోణం, నీడ కోణం ఒకటిగా ఉంటాయి, ఒకదాన్ని మార్చితే మరొకటి కూడా మారుతుంది. స్టైల్స్ వాడుతున్నంతకాలం దాన్ని ఆపకండి.

గింప్ గురించి అడిగారు కాబట్టి: 2025లో వచ్చిన 3.0 నుంచి ఫిల్టర్లను లేయర్‌కు శాశ్వతంగా కలపకుండా, తర్వాత మార్చుకునేలా వేయవచ్చు; అక్షరాలను సవరించినా డ్రాప్ షాడో వాటితోపాటు మారుతుంది. అంతకుముందు కూర్పుల్లో బ్లర్ వేయడానికి ముందు నీడ లేయర్‌కు ఒక నకలు దాచుకోవడం తప్పదు.

చివరగా ఎగుమతి. విశాలంగా పరుచుకున్న మెత్తని నీడలు 8 బిట్‌లో (ప్రతి రంగుకూ 256 మెట్లే ఉన్న ఫైల్లో) పట్టీలుగా విడిపోతాయి, జేపెగ్ కుదింపు వాటిని ఇంకా ఎత్తి చూపుతుంది. మొదటి నుంచీ 16 బిట్‌లో పనిచేసి, చివర్లో నీడ లేయర్ మీద ఒక శాతం నాయిస్ కలిపి, ఆ తర్వాత 8 బిట్‌కు మార్చండి. చిత్రం కొలత తగ్గించేటప్పుడు ఇమేజ్ సైజ్ విండోలో స్కేల్ స్టైల్స్ ఎంపిక ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. అది లేకుంటే 6000 పిక్సెళ్ల చిత్రానికి ఇచ్చిన తాకిడి నీడ సైజు 1500 పిక్సెళ్ల చిత్రంలో అలాగే మిగిలిపోయి, అక్షరాల చుట్టూ మసి పట్టినట్టు కనిపిస్తుంది.